భయం నేర్చుకునేలోపే...

తరతరాలుగా తెలిసిన శత్రువు ఎదురైతే ఏ చేపైనా క్షణంలో మాయమైపోతుంది. మరి మనిషి ఎక్కడినుంచో తెచ్చి వదిలిన వేటచేప ఎదురైతే? పారిపోవాలన్న సంగతైనా దానికి తెలుస్తుందా? ఆఫ్రికా సరస్సు నుంచి మన ఊరి చెరువు దాకా చేపల భయం వెనక ఉన్న శాస్త్రం ఇది.

విక్టోరియా సరస్సు దక్షిణ తీరాన, టాంజానియాలో మ్వాంజా అనే పట్టణం ఉంది. 1970ల చివర్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం నుంచి కొందరు పరిశోధకులు అక్కడికి చేరారు. ఆ సరస్సులోని ‘ఫురు’లను లెక్కపెట్టడం, రకరకాలుగా విడదీసి పేర్లు పెట్టడం వాళ్ల పని. ఫురు అంటే అరచేతిలో ఇమిడిపోయే చిన్న చేప. సిక్లిడ్ కుటుంబానికి చెందింది. ఆ ఒక్క సరస్సులోనే దాదాపు 500 రకాల ఫురులు ఉండేవి. నాచు గీరుకుని తినేవి, నత్తల్ని పగలగొట్టుకు తినేవి, పురుగుల్ని ఏరుకునేవి, సాటి ఫురులనే వేటాడేవి... ఒక్కోదానికి ఒక్కో వృత్తి. సరస్సు అడుగున వల లాగితే పడే చేపల బరువులో ఐదింట నాలుగు వంతులు ఇవే.

పదేళ్లు తిరగలేదు. 1980ల మధ్యకు వచ్చేసరికి అదే చోట, అదే వలలో ఫురు కనబడటమే గగనమైపోయింది. వాటి స్థానంలో వలనిండా ‘సంగారా’లే.

సంగారా అంటే నైల్ పెర్చ్. రెండు మీటర్ల పొడవు, 200 కిలోల బరువు దాకా పెరగగల వేటచేప. అది ఆ సరస్సుది కాదు. 1954లో బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న ఉగాండా వైపు నుంచి దాన్ని నీళ్లలో వదిలారు. ముళ్లతో నిండిన చిన్న చేపల్ని తిని అది పెద్దదైతే, ఆ పెద్ద చేపను పట్టి అమ్ముకోవచ్చన్నది అప్పటి లెక్క. పాతికేళ్లపాటు పెద్దగా కనిపించని సంగారా ఆ తర్వాత ఒక్కసారిగా విజృంభించింది. సుమారు 200 రకాల ఫురులు కనుమరుగయ్యాయని శాస్త్రవేత్తల అంచనా. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత తక్కువ కాలంలో ఇన్ని జాతులు పోవడం ఆధునిక కాలంలో మరెక్కడా నమోదు కాలేదని చెబుతారు.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న. అంతకుముందు ఆ సరస్సులో వేటచేపలు లేవా అంటే, ఉన్నాయి. పెద్ద పెద్ద పిల్లిచేపలున్నాయి. సాటి ఫురులను మింగే ఫురులే వంద రకాలకు పైగా ఉండేవి. అంటే ఫురులు భయమెరుగని చేపలు కావు. అలాంటివి సంగారా ముందు ఎందుకు ఓడిపోయాయి?

తోలు తెగితే కబురు

జవాబు వెతకాలంటే ముందు అసలు చేపకు భయం ఎలా పుడుతుందో చూడాలి. ఈ కథ 1938లో ఆస్ట్రియాలో మొదలైంది. తేనెటీగల నృత్యభాషను విప్పి చెప్పి, తర్వాత 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ అప్పట్లో మిన్నో అనే చిన్న చేపల మీద పనిచేస్తున్నాడు. మందలో ఒకదాన్ని తేలిగ్గా గుర్తుపట్టేందుకు దాని నరం ఒకటి కోసి, తోక నల్లబడేలా చేసి మళ్లీ నీళ్లలో వదిలాడు. అది వెళ్లి మందలో కలవగానే మిగతా చేపలన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. వాటిని బెదరగొట్టింది ఆ చేప రూపం కాదని, దాని గాయం నుంచి నీళ్లలోకి కారిన ఏదో పదార్థమని ఫ్రిష్ తేల్చాడు.

మిన్నోలకు, బొచ్చె, రోహు, పరకల వంటి మన కార్పు కుటుంబపు చేపలకు, జెల్లలకు, వాలుగలకు చర్మంలో ప్రత్యేకమైన కణాలుంటాయి. తోలు చిరిగితేనే అవి పగులుతాయి. అందులోని రసం నీళ్లలో కలిస్తే చుట్టుపక్కల ఉన్న సొంత జాతి చేపలకు ఎవరినో ఎవరో కొరికారన్న కబురు అందుతుంది. వెంటనే కొన్ని కదలకుండా అడుగున అణిగిపోతాయి, కొన్ని గుంపుగా దగ్గరకు చేరతాయి, మరికొన్ని కలుపులోకి దూరతాయి. గంగా పరీవాహక ప్రాంతంలో పుట్టి ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలకు చేరిన జీబ్రా చేపలోనూ ఇదే వ్యవస్థ ఉంది. ఆ చేప విడుదల చేసే రసంలో కాండ్రాయిటిన్ అనే చక్కెర గొలుసు ముక్కలు కీలకమని 2012లో సింగపూర్ పరిశోధకులు గుర్తించారు.

ఈ కబురు పుట్టుకతోనే అర్థమవుతుంది. శత్రువెవరన్నది మాత్రం చాలా చేపలు బతుకులోనే నేర్చుకోవాలి. పైక్ అనే వేటచేపను ఎన్నడూ చూడని మిన్నోకి పైక్ వాసన తగిలినా చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే వాసన ఒక్కసారి, కేవలం ఒక్కసారి, తోలురసంతో కలిసి ముక్కుకు తగిలితే చాలు. ఆ తర్వాత పైక్ వాసన వచ్చిందంటే ఆ మిన్నో దాక్కుంటుంది. పైక్ తిన్న మిన్నోల ఆనవాళ్లు దాని విసర్జనలోనూ ఉంటాయి. అంటే వేటగాడు తన నేరానికి సాక్ష్యం తానే మోసుకు తిరుగుతాడు.

కెనడాలోని శాస్కచవాన్‌లో డగ్లస్ చివర్స్, ఆర్.జె.ఎఫ్. స్మిత్ దీన్ని ప్రయోగశాల బయట కూడా పరీక్షించారు. పైక్ లేని చెరువులోని మిన్నోల మధ్య కొన్ని పైక్ పిల్లల్ని వదిలారు. రెండు వారాలు తిరిగేసరికి ఆ చెరువు మిన్నోలు పైక్ వాసనకు బెదరడం మొదలుపెట్టాయి. అనుభవం ఉన్న చేప బెదరడం చూసి, ఏమీ తెలియని పక్క చేప కూడా అదే పాఠం నేర్చుకుంటుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. వాసనను అవి ముందు నేర్చుకుంటాయి. రూపాన్ని గుర్తుపట్టడానికి మరికొన్ని రోజులు పడుతుంది.

ఇంత చురుగ్గా నేర్చుకోగలిగితే ఇక కొత్త శత్రువుతో ఇబ్బందేముంది?

మూడు మెట్ల అమాయకత్వం

ఇబ్బంది మూడు చోట్ల ఉందంటారు ఆస్ట్రేలియా జీవశాస్త్రవేత్తలు పీటర్ బ్యాంక్స్, క్రిస్ డిక్‌మన్. మొదటి మెట్టులో చేప ఎదుటిదాన్ని శత్రువుగానే గుర్తించదు. రెండో మెట్టులో గుర్తిస్తుంది కానీ తప్పుడు ఉపాయం పన్నుతుంది. పాత శత్రువు మాటువేసి కొట్టేదైతే నడినీళ్లలోకి పరుగెత్తడం మంచిదే. తరిమి పట్టే కొత్త వేటగాడి ముందు అదే పరుగు ప్రాణాల మీదికి తెస్తుంది. మూడో మెట్టులో శత్రువునీ గుర్తిస్తుంది, సరైన ఉపాయమూ పన్నుతుంది, అయినా సరిపోదు. వచ్చినవాడు అంతకంటే వేగం, అంతకంటే పెద్ద నోరు.

మొదటి మెట్టు దాటడానికి బంధుత్వం సాయపడుతుంది. లేక్ ట్రౌట్ అనే చేపకు భయపడటం నేర్పిన మిన్నోలు దాని బంధువులైన బ్రూక్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ వాసనలకు కూడా బెదిరాయి. వేరే వంశానికి చెందిన పైక్‌ను మాత్రం పట్టించుకోలేదు. ఇది 2007లో మౌడ్ ఫెరారీ బృందం చూపించిన సంగతి. పాత శత్రువు దాయాది వస్తే చేప గుర్తుపట్టగలదు. పూర్తిగా పరాయివాడు వస్తే మళ్లీ ఓనమాలతో మొదలుపెట్టాలి.

పుట్టిపెరిగిన చోటు కూడా తేడా తెస్తుంది. వేటచేపలు ఎక్కువగా ఉన్న ట్రినిడాడ్ వాగుల్లోని గప్పీలు ముందెన్నడూ ఎరగని ఏ వాసన వచ్చినా అనుమానంగానే చూస్తాయి. శత్రువులు తక్కువగా ఉన్న వాగుల్లోని గప్పీలకు ఆ జాగ్రత్త ఉండదు. ప్రశాంతంగా బతికిన చేపకే కొత్త ముప్పు ఎక్కువన్నమాట.

మంచినీటి చేపలకు ఈ ముప్పు మరీ ఎక్కువని 2006లో జొనాథన్ కాక్స్, స్టీవెన్ లిమా వాదించారు. నేలమీద జంతువులు ఖండాల పొడవునా కలిసి తిరుగుతూ వచ్చాయి కాబట్టి పులి కాకపోతే చిరుత, ఏదో ఒక పెద్ద పిల్లి వాటికి తెలిసే ఉంటుంది. నదులు, సరస్సులు అలా కావు. చుట్టూ నేల, మధ్యలో నీళ్లు. వేల ఏళ్లుగా ఒక సరస్సు చేపకు పక్క సరస్సులో ఏముందో తెలిసే దారి లేదు.

ఫురుల విషయంలో ఇవన్నీ ఒక్కచోట కలిశాయి. విక్టోరియా సరస్సు సుమారు 15 వేల ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండిన సరస్సు. ఇప్పుడున్న ఫురుల వైవిధ్యమంతా ఆ తర్వాత సంగారా లేని నీళ్లలో విరిసిందే. పైగా చాలా ఫురులకు ఈతకు కొద్దిగానే గుడ్లు. వాటినీ, పిల్లల్నీ తల్లి నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. ఒక తల్లి పోతే ఆ ఈత మొత్తం పోయినట్టే. సంగారా ఒక్క ఈతలో లక్షల గుడ్లు పెడుతుంది. ఫురులు పాఠం నేర్చుకోలేవని కాదు, నేర్చుకునేంత వ్యవధి వాటికి దొరకలేదు.

నేరమంతా సంగారా ఒక్కదానిదే అనడానికీ లేదు. తీరం వెంట పొలాలు, పట్టణాలు పెరిగి, ఎరువులు, మురుగు సరస్సులోకి చేరాయి. నాచు పెరిగింది, అడుగు నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది, నీళ్లు మసకబారాయి. చాలా ఫురుల్లో ఆడవి మగవాటి రంగును బట్టి జోడీని ఎంచుకుంటాయి. మసక నీళ్లలో ఎరుపేదో నీలమేదో తెలియక, వేరు వేరు జాతులు కలగలిసిపోతున్నాయని 1997లో ఓలె సీహౌసెన్ బృందం చూపించింది.

గాలాడని చోటే కోట

అయితే ఫురులన్నీ అంతరించలేదు. ఎవరు మిగిలారు, ఎక్కడ మిగిలారు అన్నదే ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం.

సరస్సు మధ్యలో, బురద అడుగున తిరిగే రకాలు ఎక్కువగా పోయాయి. తీరం రాళ్ల సందుల్లో బతికేవి చాలావరకు నిలిచాయి. సంగారా నోరు ఆ సందుల్లోకి దూరదు. ఇంకో కోట మరీ విచిత్రమైనది. విక్టోరియా పక్కనే ఉగాండాలో నబుగాబో అనే చిన్న సరస్సుంది. అక్కడా 1960ల్లో సంగారాను వదిలారు. నడి సరస్సులో స్థానిక చేపలు కరువయ్యాయి. కానీ తీరం చుట్టూ ఒత్తుగా పెరిగిన జమ్ముజాతి గడ్డి, పాపిరస్ చిత్తడిలోకి చూసిన లారెన్ చాప్‌మన్ బృందానికి ఫురులు, చిన్న పరకజాతి చేపలు కనిపించాయి. కుళ్లే ఆకులతో నిండిన ఆ నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ. పెద్ద ఒళ్లున్న సంగారాకు అక్కడ ఊపిరాడదు. చిన్న చేపలు మాత్రం నీటి పైపొరలో, గాలి తగిలే చోట ఊపిరి తీసుకుంటూ నెట్టుకొస్తాయి. మనిషి పనికిరాదని పూడ్చేసే చిత్తడే వాటి ప్రాణరక్ష.

చిన్న వెండి చేప ‘డగా’ కథ వేరు. అది పగలు అడుగున, రాత్రి పైన మందలుగా తిరుగుతుంది. సంగారా వచ్చాక డగా చిన్న వయసులో, చిన్న సైజులోనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఎక్కువకాలం బతికే ఆశ లేనప్పుడు తొందరగా సంతానం కనడం లాభం. ఇవాళ అదే డగా ఆ సరస్సు జాలరులకు పెద్ద రాబడి. రాత్రిపూట పడవలో దీపం వెలిగించి దాన్ని ఆకర్షించి పడతారు.

1990ల్లో సంగారాను యూరప్‌కు ఎగుమతి చేసేందుకు విపరీతంగా పట్టారు. దాని ఒత్తిడి తగ్గగానే కొన్ని ఫురులు తిరిగి కనిపించాయి. వాటిలో ఒకటి హాప్లోక్రోమిస్ పైరోసెఫాలస్. లైడెన్ పరిశోధకులు పాత నమూనాలతో పోల్చి చూస్తే అది మునుపటి చేప కాదు. మొప్పల వైశాల్యం గణనీయంగా పెరిగింది, తల చిన్నదైంది, తోక వైపు భాగం బలపడింది. మొప్పలు పెరగడం ఆక్సిజన్ తగ్గిన నీళ్లకు సమాధానం. బలమైన తోక ఒక్క ఊపున తప్పించుకోవడానికి పనికొస్తుంది. తిండీ మారింది. పూర్వం సూక్ష్మజీవులతో సరిపెట్టుకునేది ఇప్పుడు రొయ్యలు, పురుగులు కూడా తింటోంది. ఈ మార్పులన్నీ ఇరవై ముప్పై ఏళ్లలో జరిగాయి.

జలపాతానికి అటూ ఇటూ

న్యూజిలాండ్‌లో శత్రువు పేరు బ్రౌన్ ట్రౌట్. గాలం సరదా కోసం 1867లో యూరప్ ట్రౌట్‌ను అక్కడి వాగుల్లో వదిలారు. ఆ వాగుల అసలు వాసి గాలాక్సియాస్. పొలుసులు లేని, వేలెడంత చేప. కాలిన్ టౌన్‌సెండ్, టాడ్ క్రౌల్ తైయెరీ నది పరీవాహకమంతా తిరిగి చూస్తే తీరు స్పష్టంగా తేలింది. ట్రౌట్ ఎక్కలేని పెద్ద జలపాతాలకు ఎగువన గాలాక్సియాస్‌లు ఉన్నాయి. దిగువన ట్రౌట్ ఉంది, గాలాక్సియాస్‌లు లేవు. రెండూ కలిసి ఉన్న చోట్లు చాలా తక్కువ. ఒకప్పుడు నది పొడవునా ఉన్న జాతి ఇప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేని ముక్కలుగా మిగిలింది.

ట్రౌట్ ప్రభావం చేపలతో ఆగలేదు. వాగు రాళ్లమీద నాచు మేసే మేఫ్లై పురుగుల వేళలే మారిపోయాయి. ట్రౌట్ కళ్లతో వేటాడుతుంది కాబట్టి అవి పగలు రాళ్ల కిందే ఉండి, రాత్రి బయటికి వస్తాయి. మేత తగ్గేసరికి రాళ్లమీద నాచు పెరిగింది. ఒక చేప పెట్టిన భయం వాగు రంగునే మార్చిందని ఆంగస్ మకింటోష్, టౌన్‌సెండ్ ప్రయోగాలు చెబుతాయి.

భయపెట్టే బొమ్మ చేప

వేటగాడి భయాన్ని మనిషి తన వైపుకు తిప్పుకోగలడా అని ఆస్ట్రేలియాలో ఒక ప్రయత్నం జరిగింది. అక్కడి సమస్య మనకూ బాగా తెలిసిన చేపే, గంబూసియా. అమెరికా నీళ్లకు చెందిన ఈ చిన్న చేపను దోమపిల్లల్ని తింటుందని ప్రపంచమంతా పంచారు. సైజు చూసి దీన్ని వేటచేప అనుకోం. కానీ సాటి చేపల గుడ్లు, పిల్లలు, కప్పపిల్లలు దీనికి ఆహారమే. పెద్ద చేపల రెక్కల్ని కూడా కొరికి పుండ్లు చేస్తుంది. క్వీన్స్‌లాండ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ ఊటల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని ఎర్రరెక్కల బ్లూఐ అనే బుల్లి చేపను ఇది అంతరించే అంచుకు నెట్టింది. గంబూసియా చేరని ఊటలకు బ్లూఐలను మోసుకెళ్లి కాపాడుకుంటున్నారు.

పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో జొవాన్ని పొల్వెరినో బృందం చేసిన పని ఇంకా తమాషా. సొంతగడ్డ మీద గంబూసియాను వేటాడే లార్జ్‌మౌత్ బాస్ చేపను పోలిన రోబోను తయారు చేశారు. తొట్టెలో గంబూసియా కప్పపిల్లల దగ్గరికి వెళ్లినప్పుడల్లా కెమెరా సాయంతో రోబో దాని మీదికి దూసుకెళ్తుంది. కొన్ని వారాల తర్వాత రోబోను తీసేసినా గంబూసియాల భయం పోలేదు. ఒంట్లో కొవ్వు తగ్గింది, సంతాన సామర్థ్యం కూడా పడిపోయింది. ఫలితాలు 2021లో ‘ఐసైన్స్’ పత్రికలో వచ్చాయి. బాస్ లేని దేశంలో తరాలు గడిచినా బాస్ రూపాన్ని చూసి గంబూసియా బెదరడం ఇక్కడ గమనించదగ్గది. అయితే ఈ ప్రయోగం జరిగింది సహజమైన వాగుల్లో కాదు, తొట్టెల్లోనే.

మన చెరువు మాటేమిటి?

గంబూసియాను భారతదేశానికి 1928లో తెచ్చారు. ఇప్పటికీ వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ చెరువుల నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లెల దాకా దోమల నివారణ పేరిట దాన్ని వదులుతూనే ఉన్నారు. దోమపిల్లల్ని తినే చిన్న చేపలు మన నీళ్లలోనే ఉన్నాయి. నుదుటి మీద తెల్లచుక్క మెరిసే ఆప్లోకైలస్ వాటిలో ఒకటి. ఏ చెరువులో స్థానికంగా ఏముందో చూసుకోకుండా గంబూసియాను కుమ్మరిస్తే ముందు నష్టపోయేది ఆ చిన్నవే.

ఇంకొకటి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. తమాషా ఏమిటంటే ఇది విక్టోరియా సరస్సుకు స్థానికం. అక్కడి ఫురులకు తరతరాలుగా తెలిసిన శత్రువు. మన దగ్గర మాత్రం కేంద్ర ప్రభుత్వం నిషేధించిన చేప. అయినా కోళ్ల వ్యర్థాలు మేపి దొంగచాటుగా పెంచడం, అధికారులు దాడిచేసి గుంతల్లో పూడ్చడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ వార్తే. మన మార్పు చేపకు ఇది దగ్గరి బంధువు కాబట్టి మన పరకలు దీని వాసనను కొంత గుర్తుపట్టవచ్చు. కానీ మార్పు అడుగు, అడుగున్నరకు మించదు. ఇది మీటరు దాటుతుంది. బ్యాంక్స్, డిక్‌మన్ చెప్పిన మూడో మెట్టు సరిగ్గా ఇదే. వరద వచ్చి గట్టు తెగితే పెంపకం గుంతకూ వాగుకూ మధ్య అడ్డే ఉండదు. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో అమెజాన్ వేటచేప అరపైమా జాలరుల వలల్లో పడిందంటే ఆ చేపలు వచ్చింది పెంపకం కేంద్రాల నుంచే.

చేప పిల్లల పంపిణీకీ ఈ శాస్త్రానికీ నేరుగా సంబంధముంది. తెలంగాణలో 2016-17 నుంచి బొచ్చె, రోహు, బంగారు తీగ పిల్లల్ని చెరువుల్లో ఉచితంగా వదిలే పథకం మొదలైంది. హ్యాచరీల్లో, నర్సరీ చెరువుల్లో పిల్లల్ని పెంచే ముందు ఇప్పపిండి చల్లి వేటచేపల్ని, కలుపు చేపల్ని చంపేయడం ఆనవాయితీ. అలా పెరిగిన పిల్లకు కొర్రమీను, వాలుగ అంటే ఏమిటో తెలియదు. రాష్ట్ర చేపగా తెలంగాణ గౌరవించే కొర్రమీను ఊరి చెరువులో దాని మొదటి పరిచయం. పరాయి శత్రువు ముందు ఫురు ఎంత అమాయకమో, సొంతగడ్డ శత్రువు ముందు ఈ హ్యాచరీ పిల్ల అంత అమాయకం. చెరువులో గుర్రపుడెక్కను తీయాల్సిందే కానీ, పూడిక పేరిట అంచుల్లోని జమ్మును, తుంగను కూడా చెక్కేస్తే ఆ పిల్ల దాక్కునే చోటూ ఉండదు.

హ్యాచరీ చేపకు ముందే పాఠం చెప్పే పద్ధతిని కెనడాలో పరీక్షించారు. 1998లో గ్రాంట్ బ్రౌన్, స్మిత్ హ్యాచరీ రెయిన్‌బో ట్రౌట్ పిల్లలకు పైక్ వాసనను, ట్రౌట్ తోలురసాన్ని కలిపి చూపించారు. మూడు వారాల తర్వాత కూడా అవి పైక్ వాసనను మరిచిపోలేదు. శిక్షణ పొందిన చేపల్ని బయట నీళ్లలో వదిలినప్పుడు అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. కొన్ని చోట్ల ఎక్కువ బతికాయి, కొన్ని చోట్ల తేడా కనిపించలేదు. అయినా మన దగ్గర ప్రయోగం చేసి చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. కొర్రమీను ఉంచిన తొట్టెలోంచి బకెట్టు నీళ్లు, చనిపోయిన ఒక బొచ్చెపిల్ల తోలు నూరిన రసం కావాలి. పిల్లల్ని సంచుల్లో నింపడానికి ముందురోజు ఆ రెండూ కలిపి తొట్టెలో పోసి, తర్వాత చెరువులో వాటి మనుగడను శిక్షణ లేని పిల్లలతో పోల్చి లెక్కగడితే సరిపోతుంది.